గుర్రం కాలికి గాయమైతే కట్టు కట్టాలా, గాలికి వదిలెయ్యాలా?

మీరు అడిగింది ఇది: "ఆర్కే బీచ్‌లో తిప్పే మా గుర్రానికి ముందు కాలు, మోకాలికి కింద, సీసా పెంకు కోసుకుంది. పసుపు, కొబ్బరినూనె రాస్తున్నాం. కట్టు కట్టాలా, గాలికి ఆరనివ్వాలా? మళ్లీ ఎప్పుడు పనికి తీసుకెళ్లొచ్చు?"

కట్టాలి. మోకాలి కింద తెగితే కట్టి తీరాలి. పసుపు మాత్రం ఇవాళే ఆపెయ్యండి.

మా తాత జట్కా తోలాడు. మా నాన్న పెళ్లి ఊరేగింపులకీ బీచ్‌కీ గుర్రాలు పెట్టాడు. నేను వాటి మధ్యే పెరిగాను. ఇన్నేళ్లు చూశాక నా అభిప్రాయం గట్టిపడిపోయింది: గుర్రం కాలు తెగినందుకు పాడయ్యేదానికంటే తెగినచోట మనం పూసినవాటితో పాడయ్యేదే ఎక్కువ. కిరసనాయిలు, వాడేసిన ఇంజనాయిలు, కాఫీ పొడి, పొగాకు, మైలుతుత్తం. ఎవరింట్లో ఏది ఉంటే అది పోస్తారు.

ముందు రెండు సంగతులు చూసుకోండి. గాయం మోకాలి కీలుకో, గిట్టకు పైనున్న కీలుకో దగ్గరగా ఉండి, లేత పసుపు రంగులో జిగటనీరు కారుతుంటే కీలు లోపలికి తెగినట్టే. పైకి కనిపించేది చిన్న కన్నమే అయినా సరే, ఆ రోజే డాక్టరు చూడాలి. ఆలస్యమైతే ఆ కాలు మళ్లీ పనికి రాదు. రెండోది ధనుర్వాతం, అంటే టెటనస్. దాని బీజాలు మట్టిలోనూ గుర్రపు పేడలోనూ ఉంటాయి, పెంపుడు జంతువుల్లో గుర్రానికి తగిలినంత సులువుగా అది ఇంక దేనికీ తగలదు. టెటనస్ సూది పడి ఆరు నెలలు దాటినా, ఎప్పుడు వేయించారో గుర్తులేకపోయినా వెంటనే వేయించండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వస్తుంది.

ఇక హుద్‌హుద్ తుపాను సంగతి చెప్పాలి, ఎందుకంటే కట్టు విలువ నాకు తెలిసింది అప్పుడే. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పట్లో మా గుర్రాల సాల పెద జాలారిపేట దగ్గర ఉండేది. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. తుపాను పోయిందనుకుని జనం బయటికొచ్చారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొట్టడం మొదలైంది. ఆ రెండో గాలికి పక్క షెడ్డు మీద రేకు లేచొచ్చి మా గుర్రం గౌరి ముందు ఎడమకాలికి తగిలింది. మోకాలికీ గిట్టకీ నడుమ చర్మం తెగి కిందికి వేలాడుతోంది, లోపల ఎముక తెల్లగా కనిపిస్తోంది. నెత్తురు చూసి మా చిన్నాన్న కూలబడిపోయాడు. గుర్రం ఒంట్లో బరువులో 8 శాతం దాకా నెత్తురే ఉంటుంది. మూడొందల కిలోల గుర్రానికి 24 లీటర్లన్నమాట. నేల తడిసిందని గుర్రం చచ్చిపోదు. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి అదిమి పట్టుకోవాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. నాన్న అదే చేశాడు.

కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. డాక్టరు మాట దేవుడెరుగు, మందుల షాపే లేదు. పక్కింటి పెద్దాయన సీసా పట్టుకుని వచ్చాడు. "కిరసనాయిలు పొయ్యరా బావూ, లేపోతే పురుగట్టేస్తాది." నాన్న ఒప్పుకోలేదు. "వద్దు మావా, నీ కాలు తెగితే పోసుకుంటావేటి?" చిన్నాన్నేమో ఆ వేలాడే చర్మం కోసెయ్యమన్నాడు. దానికీ నాన్న ససేమిరా అన్నాడు. ఆ చర్మం తర్వాత చచ్చిపోయినా పర్వాలేదు, ఉన్నన్నాళ్లూ ఎముకను కప్పి ఉంచుతుంది.

బోరింగు కొట్టి నీళ్లు తెచ్చి, అమ్మ గ్యాస్ మీద బాగా మరగబెట్టి చల్లార్చింది. లీటరుకి రెండు చిన్న చెంచాల ఉప్పు. గుర్రానికి సూదులెయ్యడానికి ఉంచుకున్న పెద్ద సిరంజితో ఆ నీళ్లు చిమ్ముతూ కడిగాం. ఇసుక, తుప్పు రేణువులు, వెంట్రుకలు, అన్నీ పోయేదాకా. గిన్నెలకొద్దీ పట్టాయి. ఒక్కసారి కూడా రుద్దలేదు. గౌరి తల దగ్గర నేను నిలబడి మెడ నిమురుతున్నాను, దానికి ఒళ్లంతా వణుకు. ఈ కడగడమే సగం వైద్యం. పోవిడోన్ అయోడిన్ మందు ఉంటే లీటరు నీళ్లకి పది శాతం ద్రావణం పది మిల్లీలీటర్లు చాలు, పల్చటి టీ రంగు రావాలి. చిక్కగా పోస్తే, హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగలు వచ్చేలా పోస్తే, పుట్టే కండ కూడా చచ్చిపోతుంది.

తర్వాత చర్మాన్ని దాని చోట సర్ది, పైన అంటుకోని మెత్తటిది ఏం పెట్టాలా అని చూస్తుంటే మా చెల్లి లోపలికెళ్లి తన శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్టు తెచ్చి ఇచ్చింది. అంతకంటే శుభ్రమైనదీ, నెత్తురు పీల్చేదీ ఆ రోజు విశాఖపట్నంలో మాకు దొరికేది కాదు. దాని మీద దిండు చింపి తీసిన బూరుగుదూది, ఉతికిన గుడ్డలో పరిచి, అంగుళం మందాన కాలి చుట్టూ. దాని మీద అమ్మ నూలుచీర చీల్చిన పట్టీలు.

చుట్టడంలో నాన్న పద్ధతి ఇప్పటికీ నాది. కాలి ముందు నుంచి మొదలుపెట్టి, బయటి పక్కగా వెనక్కి, లోపలి పక్కగా మళ్లీ ముందుకి. ఎడమకాలైనా కుడికాలైనా ఇదే. నడుమ మొదలెట్టి కిందికి, మళ్లీ పైకి. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. బిగువు అంతా ఒకేలా ఉండాలి. వెనక ఉన్న స్నాయువు (కండను ఎముకకి కట్టే తాడులాంటిది) మీద ఒక్కచోట పట్టీ బిగిసిపోతే గాయం మానినా కుంటితనం మిగిలిపోతుంది. దూది మందంగా ఉంటేనే బిగువు సమంగా పడుతుంది, అందుకే దూది లేకుండా ఉత్త క్రేప్ బ్యాండేజీ చుట్టడం నేను చూస్తే ఊరుకోలేను. అంచు దగ్గర వేలు దూరాలి. రెండో ముందు కాలికి కూడా కట్టండి, బరువంతా దాని మీదే పడుతుంది.

రోడ్లు తెరుచుకున్నాక డాక్టరు గారు చాలా దూరం నడిచి వచ్చారు. కుట్లు వెయ్యాల్సిన గడువు, అంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఎప్పుడో దాటిపోయింది. కానీ గాయం శుభ్రంగా ఉందనీ, చీము లేదనీ, పురుగు లేదనీ అన్నారు. ఈగ వాలకుండా కట్టు ఉంటే పురుగెక్కడి నుంచి వస్తుంది? కిరసనాయిలు పోసేవాళ్లు ఇది ఆలోచించరు. టెటనస్ సూదీ, పెన్సిలినూ వేసి, కట్టు రెండు మూడు రోజులకోసారి మార్చమన్నారు. తడిసినా, జారినా, వాసన వచ్చినా అప్పుడే మార్చాలి.

కింది కాలికే ఎందుకింత హడావిడి అంటే, మోకాలి కింద గుర్రానికి కండ లేదు. చర్మం, స్నాయువులు, ఎముక, అంతే. నెత్తురు తక్కువ, కదలిక ఎక్కువ. అంచుల నుంచి కొత్త చర్మం రోజుకు మిల్లీమీటరులో పదో వంతు పాకితే గొప్ప. ఈలోగా మధ్యలో ఎర్రగా, గుత్తులుగా కండ పొంగుకొస్తుంది, దాన్నే దుర్మాంసం అంటాం. అది చర్మం ఎత్తు దాటితే అంచులు దాన్ని ఎక్కలేవు. దాన్ని మైలుతుత్తంతో కాల్చేవాళ్లున్నారు, దాంతోపాటు పక్కనున్న కొత్త చర్మమూ కాలిపోతుంది. దుర్మాంసంలో నొప్పి తెలిసే నరాలుండవు, డాక్టరు కత్తితో సమానంగా చెక్కేస్తారు. నెత్తురు బాగా వస్తుంది కాబట్టి ఇంట్లో ఆ పని వద్దు. గౌరికీ చెక్కించాల్సి వచ్చింది.

గుర్రాల మీద చెయ్యి తిరిగిన డాక్టర్లు మన వైపు దొరకడం కష్టం. ఎక్కువమంది చేతులు ఆవులూ గేదెలతోనే నిండిపోయి ఉంటాయి. వాళ్ల తప్పేం లేదు. దగ్గర్లో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, బండిలో ఎక్కించి తీసుకెళ్లగలిగితే పెద్ద గాయాలకి అక్కడ అడగండి. నాకు కోపమంతా రాత్రిపూట బీచ్‌లో సీసాలు పగలగొట్టేవాళ్ల మీద. పొద్దున్నే ఆ ఇసుకలో నడిచేది పిల్లలు, జాలరివాళ్లు, గుర్రాలు. గాజు ఇసుకలో కలిస్తే ఎవరి కంటికీ ఆనదు. మా వాళ్లు తెల్లవారుజామున గంప పట్టుకుని పెంకులు ఏరేవాళ్లు. ఇప్పుడూ ఏరాల్సిందే.

మళ్లీ పనికెప్పుడు అన్నారు కదా. గాయం మీద చర్మం పూర్తిగా కప్పేదాకా ఇసుకలోకి వద్దు. తడి ఇసుక కట్టులోకి దూరి లోపల ఒరుస్తుంది, మెత్తటి ఇసుకలో కాలు దిగబడి స్నాయువు మీద బరువు పడుతుంది. డాక్టరు సరేనన్నాక గట్టినేల మీద పగ్గం పట్టుకుని కాసేపు నడిపించండి, కుంటకపోతే కొంచెం పెంచండి. గౌరిని మేం మాఘమాసం పెళ్లిళ్లకి పంపాం, దీపావళి పోయింది, కార్తీకం ఆదివారాల రాబడి మొత్తం పోయింది. పనిలేని రోజుల్లో దాణా తగ్గించి ఎండుగడ్డి పెంచండి. కట్టు మీద జరీ గుడ్డ చుట్టి బరాత్‌కి తోలేవాళ్లను నేను ఈ ఊళ్లోనే చూశాను, మీరా పని చెయ్యకండి. బేరం పోతుందనుకుంటే ఆ ఒక్క సీజన్‌కి తోటివాళ్ల గుర్రాన్ని వంతుకి అడగండి, మా వాళ్లలో ఎవరూ కాదనరు.