తెల్లకాగితం వస్తే ముందే క్లీనింగ్ కొట్టకు

చిట్టీ,

రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ షాపులో జనం గోల, నా వెనక టీవీ గోల. నేను చెప్పింది సగం నీకు వినపడలేదు, నువ్వు అడిగింది సగం నాకు అర్థం కాలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చదివి, చేత్తో ఒక కాగితం మీద రాసుకుని ప్రింటరు వెనక గోడకి అంటించుకో.

నాకు తెలిసిందల్లా ఇదీ. శనివారం రాత్రి కుర్రాడు షాపు కట్టేశాడు, సోమవారం పొద్దున హాల్ టికెట్ ప్రింటు ఇస్తే కాగితం తెల్లగా వచ్చింది. ట్యాంకుల్లో ఇంకు కనపడుతూనే ఉంది. పిల్లలు లైన్లో నిలబడ్డారు, నీకు టెన్షన్ వచ్చి హెడ్ క్లీనింగ్ ఏడుసార్లు కొట్టావు. నిన్ను తిట్టాలనుకున్నది ఈ ఒక్కదానికే. హెడ్ అంటే కాగితం మీద ఇంకు చిమ్మే భాగం. దాని క్లీనింగ్ అంటే ఏదో నీళ్లతో కడగడం కాదమ్మా. నువ్వు డబ్బు పెట్టి కొన్న ఇంకునే హెడ్‌లోంచి బలవంతంగా లాగి అడుగున ఉన్న స్పాంజిలోకి పారబోస్తుంది. ఆ స్పాంజి ఎంత తాగిందో ప్రింటరు లెక్క రాసుకుంటుంది. లెక్క నిండిన రోజు లైట్లు కొట్టుకుంటూ మొరాయిస్తుంది, అప్పుడు మెకానిక్ దగ్గరికి మోయాల్సిందే.

ముందు తేల్చుకోవాల్సింది తప్పు కంప్యూటరుదా ప్రింటరుదా అని. యూఎస్‌బీ వైరు పీకేసి, స్కానరు అద్దం మీద ఏదైనా రాతకాగితం పెట్టి కాపీ బటన్ నొక్కు. రాత ఉన్న వైపు కిందికి ఉండాలి సుమా! నవ్వకు. పాతికేళ్లు డీటీపీ, జిరాక్స్ షాపు నడిపిన నేనే ఒకసారి కాగితం వెల్లకిలా పెట్టి, తెల్లకాగితం వస్తోందని అరగంట సేపు మూత విప్పుకుని కూర్చున్నాను. కాపీ శుభ్రంగా వచ్చిందంటే హెడ్డుకి ఏ జబ్బూ లేదు, దాని జోలికి వెళ్లకు. అప్పుడు ఫైలు సంగతి చూడాలి. హాల్ టికెట్లు బ్రౌజర్లోంచి నేరుగా ప్రింటు ఇస్తే ఒక్కోసారి తెల్లగా వస్తాయి, ముందు పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఇవ్వు. పీడీఎఫ్ కూడా మొండికేస్తే అడోబ్ రీడర్ ప్రింటు పెట్టెలో అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అందులో ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్ పెట్టు. నింపిన అప్లికేషన్లో అక్షరాలు మాత్రం మాయమయ్యే జబ్బుకి కూడా అదే మందు.

కాపీ కూడా తెల్లగానే వస్తే నాజిల్ చెక్ తియ్యి. నాజిళ్లంటే హెడ్డుకి ఉండే, ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు. క్లీనింగ్ కంటే ముందు చెయ్యాల్సింది ఇది, దీనికి ఖర్చయ్యే ఇంకు చుక్క కూడా ఉండదు. నాలుగు రంగుల్లో మెట్లు మెట్లుగా సన్నటి గీతలు వస్తాయి. పసుపు కంటికి ఆనదు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడు. అసలు కిటుకంతా ఈ కాగితం చదవడంలోనే ఉంది. ఒక్క రంగులో గీతలు తెగితే ఆ రంగు దారి పూడుకుంది. నలుపొక్కటే పూర్తిగా పోయి మిగతా మూడూ నిండుగా ఉంటే నలుపు గొట్టంలో గాలి చేరిందేమో చూడు. స్కానరు పైకెత్తితే హెడ్డుకి వెళ్లే సన్నటి గొట్టాలు కనపడతాయి. టార్చి వేస్తే ఇంకు మధ్య మధ్యలో ఖాళీలు తెల్లగా తెలుస్తాయి. ట్యాంకులో ఇంకు కింది గీత దాటి దిగనిస్తే గొట్టంలోకి గాలి పోతుంది. ఆ తర్వాత ట్యాంకు నిండుగా పోసినా అంత తేలిగ్గా హెడ్డు దాకా రాదు.

నాలుగు రంగులూ ఒకేసారి పోయాయా? అప్పుడు కాస్త ఆగి ఆలోచించు. నాలుగు దారులూ ఒకే రాత్రి పూడుకుపోవడం అరుదు. పాత ట్యాంకు ప్రింటర్లకి పక్కన రవాణా లాక్ అని ఒక మీట ఉండేది. ఇల్లు మారినప్పుడు తిప్పి, మళ్లీ తిప్పడం మర్చిపోతే ఇంకు ఒక్క బొట్టు దిగేది కాదు. నీది కొత్తది, ఆ గొడవ లేదు. నా అనుమానం వేరే.

మీ కుర్రాడు రాత్రి షాపు కట్టేటప్పుడు ప్రింటరు బటన్ నొక్కుతున్నాడా, గోడ మీద బోర్డు స్విచ్ టక్కున ఆపేస్తున్నాడా? వాణ్ణి కోప్పడకుండా అడుగు. పని లేనప్పుడు హెడ్డు కుడివైపు చివరికి వెళ్లి ఒక రబ్బరు మూత మీద కూర్చుంటుంది. చట్నీ గిన్నె మీద మూత పెట్టినట్టే, నాజిళ్లు ఎండిపోకుండా. బటన్‌తో ఆపితే అది ఇల్లు చేరి మూత మీద కూర్చున్నాకే కరెంటు వదులుతుంది. మధ్యలో బోర్డు స్విచ్ ఆపితే ఎక్కడున్నది అక్కడే నోరు తెరుచుకుని ఉండిపోతుంది. మన నరసరావుపేట ఎండలకి రెండు రాత్రులు, ఒక ఆదివారం అలా ఉంటే ఏమవుతుందో నీకే తెలుసు.

ఆ రబ్బరు మూతే ఎండి, అట్టకట్టి ఉంటే ఇంకో చిక్కు. క్లీనింగ్ చేసేటప్పుడు ఇంకు లాగేది ఆ మూతలోంచే. అది హెడ్డుకి అంటుకోకపోతే పంపు గాలి లాగుతుందే తప్ప ఇంకు లాగదు. ఏడుసార్లు కాదు, డెబ్భైసార్లు కొట్టినా ఫలితం ఉండదు. చూసే పద్ధతి చెప్తాను. ప్రింటరు ఆన్ చేసి, హెడ్డు ఎడమకి కదలగానే బోర్డు స్విచ్ ఆపెయ్. ఈ ఒక్కచోటే ఆ పని చెయ్యొచ్చు! హెడ్డుని మెల్లగా పక్కకి జరిపితే మూత కనపడుతుంది, లోపల చిన్న స్పాంజి ముక్క ఉంటుంది. బిగుసుకుని ఉంటే మాత్రం లాగకు. అంచుల మీద జిగురు జిగురుగా పేరుకున్న ఇంకుని తడిపిన మెత్తటి గుడ్డతో తుడువు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఉంటుంది కదా, దాన్ని డ్రాపరుతో నాలుగైదు చుక్కలు ఆ మూతలో వెయ్యి. ప్రింటరు ఆన్ చేసి ఒక్కసారి క్లీనింగ్ కొట్టి, మళ్లీ అలాగే చూడు. నీళ్లు పోయి ఉంటే పంపు బతికే ఉంది. అలాగే నిలిచి ఉంటే పంపో, దాని గొట్టమో పోయింది, అది మెకానిక్ పని. బోరు నీళ్లు వాడకు, ఉప్పు కడుతుంది.

ఇంకు అందకుండా ఊరికే ప్రింట్లు ఇస్తూ పోకు. అన్ని ప్రింటర్లూ ఒకేలా ఇంకు చిమ్మవు. ఎప్సన్‌వి కరెంటుకి వంగే పలకతో ఇంకుని తోస్తాయి. హెచ్‌పీ, కానన్‌వి ఇంకుని క్షణంలో మరిగించి, బుడగతో బయటికి నెడతాయి. 1977లో కానన్ పరిశోధకుడి చేతిలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు సిరంజి సూదికి తగిలి, మొన నుంచి ఇంకు చిమ్మిందట. ఆ బుడగ ఆలోచన అక్కడ పుట్టింది. మనం సిరంజీలతో కార్ట్రిజ్‌లు నింపుకుంటూ ఎన్నిసార్లు చొక్కాలు పాడుచేసుకున్నామో, మనకి మాత్రం తట్టలేదు! చెప్పొచ్చేదేమిటంటే, బుడగ రకంలో ఆ వేడిని చల్లార్చేది కూడా ఇంకే. ఇంకు లేకుండా కొడుతూ ఉంటే హెడ్డు మాడిపోతుంది.

ఇళ్లలోవాళ్లు చిన్న హెచ్‌పీ ప్రింటర్లు పట్టుకొస్తే భయపడకు. వాటిలో చాలావాటికి హెడ్డు కార్ట్రిజ్ మీదే ఉంటుంది. ముందు కొత్త కార్ట్రిజ్ టేపు పీకారో లేదో చూడు, సగం కేసులు అక్కడే తేలతాయి. తర్వాత కార్ట్రిజ్ అడుగుని టిష్యూ మీద అద్దు. రంగుదైతే మూడు చారలు పక్కపక్కన పడాలి. పడకపోతే సాసరులో గోరువెచ్చటి నీళ్లు పోసి, నాజిల్ అంచు మాత్రం మునిగేలా రెండు నిమిషాలు నిలబెట్టి మళ్లీ అద్దు. కార్ట్రిజ్ మీదున్న రాగి చుక్కల్ని వేలితో ముట్టుకోకు.

ఇక నీ ప్రింటరు. మూత శుభ్రం చేశాక ఒక్కసారి నాజిల్ చెక్ తీసి, ఆ కాగితం ఫొటో నాకు వాట్సాప్‌లో పెట్టు. గీతలు సగమైనా వస్తే క్లీనింగ్ ఇంకొక్కసారి కొట్టొచ్చు. తర్వాత బటన్‌తో ఆపి, కనీసం 12 గంటలు ముట్టుకోకు. ఎండిన ఇంకు తడికి నానాలి కదా, పొద్దున్నే మళ్లీ చెక్ తియ్యి. అప్పటికీ రాకపోతేనే పవర్ క్లీనింగ్, అంటే మామూలు దానికంటే చాలా ఎక్కువ ఇంకు లాగే క్లీనింగ్. దానికి ప్రతి ట్యాంకులో కనీసం మూడోవంతు ఇంకు ఉండాలి, లేకపోతే గొట్టాల్లోకి గాలి ఎక్కిస్తుంది. ఒకసారి కొట్టాక మళ్లీ 12 గంటల దాకా దాని మాటే ఎత్తకు.

ఈలోపు హాల్ టికెట్లు పక్క షాపులో తీయించి పిల్లలకి ఇచ్చెయ్. రెండ్రోజులు లాభం పోతే పోయింది.

అప్పటికీ తెల్లగానే వస్తే హెడ్డు తీగో, బోర్డు మీద ఫ్యూజో పోయి ఉండొచ్చు, అక్కడ మనం వేలు పెట్టేది లేదు. ప్రింటరుని కుర్రాడికిచ్చి తెనాలి బస్సెక్కించు, నాకు తెలిసిన మెకానిక్‌కి చూపిస్తాను. ట్యాంకు మూతలు గట్టిగా బిగించి, పాలిథిన్ కవర్లో చుట్టి, గుంటూరులో బస్సు మారేటప్పుడు కూడా పక్కకి వంచకుండా పళ్లెంలా పట్టుకోమని చెప్పు. డిక్కీలో వెయ్యనివ్వకు.

మీ పెదనాన్న