ముక్కల ఆకారం వేరైనా వాటా సమానమే

పిల్లల చదువు గురించి పాఠకుల ప్రశ్నలకు పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డ్ ప్రాథమిక పాఠశాల టీచరు జవాబులు

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మా పాప ఒడియా మీడియంలో రెండో తరగతి చదువుతోంది. దీర్ఘచతురస్రాన్ని నాలుగు సమాన భాగాలు చేయమని హోంవర్కు ఇస్తే మూల నుంచి మూలకు రెండు గీతలు గీసింది. పైనా కిందా ముక్కలు వెడల్పుగా, పక్క ముక్కలు కోసుగా ఉన్నాయి, ఇవి సమానం కావని బడిలో తప్పు పెట్టారు. పాప ఏడుస్తూ ఇంటికొచ్చింది. చూస్తే నాకూ సమానం కాదనే అనిపిస్తోంది. మా ఆయన మాత్రం కరెక్టే అంటారు. ఎవరి మాట నమ్మాలి?
- ఒక తల్లి, గుణుపురం

జవాబు: అమ్మా, పాప చేసింది రైటు. ఆ మాట ముందు పాపకు చెప్పండి, ఈ పూటే చెప్పండి. తర్వాత ఇద్దరూ కత్తెర పట్టుకుని కూర్చోండి.

12 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాగితం తీసుకుని మూల నుంచి మూలకు రెండు గీతలు గీసి, గీతల మీదే కత్తిరించండి. నాలుగు త్రిభుజాలు వస్తాయి. ఇప్పుడు పై ముక్కను పక్క ముక్క మీద పెడితే కలవదు. మీరు, బడిలో టీచరు అక్కడే ఆగిపోయారు. ఇంకో అడుగు వేయాలి. కాగితం మధ్యలో కలిసిన మొన ఉంది కదా, ఒక్కో ముక్కనూ ఆ మొన నుంచి ఎదుటి అంచు నడిమికి సగానికి మడిచి కత్తిరించండి. ఎనిమిది చిన్న త్రిభుజాలు వస్తాయి. వాటిని తిప్పి, అవసరమైతే బోర్లించి, ఒకదాని మీద ఒకటి పేర్చమని పాపకు ఇవ్వండి. ఎనిమిదీ అచ్చంగా ఒకే కొలత. వెడల్పు ముక్కలో అలాంటివి రెండు, కోసు ముక్కలోనూ రెండు. ఇక తేడా ఎక్కడుంది?

మీ ఆయనకు లెక్క కావాలంటే అదీ చెప్పండి. పై త్రిభుజానికి భూమి 12, ఎత్తు 4. పక్కదానికి భూమి 8, ఎత్తు 6. రెండింటి వైశాల్యం 24 చదరపు సెంటీమీటర్లే. మొత్తం కాగితం 96. రెండో తరగతి పిల్లకు మాత్రం ఈ లెక్క చెప్పొద్దు, చేతిలో ముక్కలు చాలు.

బడిలో అలా ఎందుకన్నారో కూడా ఆలోచించాలి. చిన్నపిల్లలకు సమానం అని నేర్పేటప్పుడు మేం మొదట ఒకదాని మీద ఒకటి పెట్టి చూడమనే చెబుతాం. సగం, పావు మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి దారి లేదు. కానీ అక్కడే ఆగితే, ఒకేలా కనిపిస్తేనే సమానం అని పిల్ల మనసులో ముద్ర పడిపోతుంది. పై తరగతుల్లో వైశాల్యం దగ్గర అది తగులుతుంది. అమెరికాలో 2010లో వచ్చిన లెక్కల ప్రమాణాల్లో, ఒకే కొలత బొమ్మలను సమాన వాటాలు చేస్తే ఆ వాటాలు ఒకే ఆకారంలో ఉండనక్కర్లేదన్న సంగతి రెండో తరగతిలోనే పెట్టారు. పెట్టదగిన చోటే పెట్టారని నా అభిప్రాయం. ఆ వయసు పిల్లలు దీన్ని ఇట్టే పట్టేస్తారు.

ప్రశ్నను ఒకసారి ఒడియా బాగా వచ్చినవాళ్లతో చదివించండి. సమాన భాగాలు అనే ఉందా, ఒకే ఆకారంలో ఉండాలని కూడా అడిగారా? సమాన భాగాలు అని మాత్రమే ఉంటే ఆ ఎనిమిది ముక్కలను కవర్లో పెట్టి పాపతోనే పంపండి. మీరు గొడవకు వెళ్లొద్దు. ముక్కలు పేర్చి చూపించే అవకాశం పాపకు రానివ్వండి.

ఒక జాగ్రత్త. నాలుగు భుజాలున్న బొమ్మలన్నిటికీ ఈ కిటుకు పనిచేయదు. చతురస్రానికి, దీర్ఘచతురస్రానికి, పక్కకు వాలిన సమాంతర చతుర్భుజానికి సరిపోతుంది. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ట్రపీజియంలో పక్క ముక్కలు రెండూ సమానమే వస్తాయి గానీ పైదీ కిందిదీ కలవవు.

ఇంట్లో ఆడించాలంటే ముగ్గు చుక్కలు వాడండి. వరసకు ఐదు చొప్పున ఐదు వరసల చుక్కలు పెడితే లోపల 16 గళ్లు. గళ్ల అంచుల వెంట ఎన్ని వంకరలైనా తిరుగుతూ ఒకటే గీత గీయమనండి. అటు 8, ఇటు 8 గళ్లు ఉండాలి, అదొక్కటే నియమం. రోజుకో కొత్త గీత తెస్తారు, చూడండి.

ప్రశ్న: మా మనవడికి ఐదేళ్లు. గుండ్రటి బొమ్మను మూడు వాటాలు చేయమంటే రెండు నిలువు గీతలు గీస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఏం చేయాలి?
- ఒక తాతగారు, రాయగడ

జవాబు: బాబుగారూ, టెన్షన్ పడకండి. పలకలాంటి బొమ్మకు సరిపోయిన పద్ధతినే వాడు గుండ్రానికీ వాడుతున్నాడు. ఐదేళ్లకు సగం, సగంలో సగం వస్తే చాలు. కాగితాన్ని మడిస్తే రెండు, నాలుగు, ఎనిమిది వాటంతట అవే వస్తాయి. మూడు అలా రాదు, అంచనా వేసి సర్దుకోవాలి. అందుకే కష్టం.

ఆ నిలువు గీతలు తప్పని నోటితో చెప్పకండి, చూపించండి. పళ్లెం బోర్లించి గుండ్రం గీసి, సమాన దూరంలో రెండు నిలువు గీతలు గీయండి. మూడు ముక్కల్లోనూ కందిపప్పు ఒక్క పొరగా, ఒత్తుగా పరిచి దేనికెంత పట్టిందో లెక్కపెట్టించండి. నూటికి దాదాపు 42 పాళ్లు మధ్య ముక్కకే పోతాయి, చివరివాటికి తలా 29 దాకా వస్తాయి. చివరి ముక్క తనకొస్తే ఒప్పుకుంటాడా అని అడగండి.

తర్వాత గుండ్రటి కాగితాన్ని రెండుసార్లు మడిచి విప్పితే మడతలు కలిసిన చోట కేంద్రం దొరుకుతుంది. అక్కడి నుంచి అంచుకు మూడు చీపురు పుల్లలు పెట్టి, సందులు ఒకేలా కనిపించేదాకా వాణ్నే జరపనివ్వండి. పెద్దపిల్లలైతే వృత్తలేఖిని ఉంది. గుండ్రం గీసినంత తెరుపుతోనే అంచు మీద గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు పడతాయి. ఒకటి విడిచి ఒకటి కేంద్రానికి కలిపితే మూడు వాటాలు. జూన్‌లో రజ పండక్కి ఇరుగుపొరుగు ఒడియా ఇళ్ల నుంచి పొడపీఠ అనే గుండ్రటి పిండివంట వస్తే కోసే పని వాడికివ్వండి, కత్తి మీరు పట్టుకుని. ఎక్కడ కోయాలో వాడు చెప్పాలి, ఆఖరి ముక్క వాడు తీసుకోవాలి.

ప్రశ్న: నాలుగో తరగతి బాబుకు 17 సెంటీమీటర్ల కాగితం పట్టీని ఐదు సమాన ముక్కలు చేయమన్నారు. స్కేలు మీద కుదరడం లేదు.
- ఒక పాఠకురాలు, కాశీనగర్

జవాబు: ముక్కకు 3.4 సెంటీమీటర్లు. స్కేలుతో కుదురుతుంది గానీ, గీతల నోటుబుక్కు ఉంటే కొలతే అక్కర్లేదు. పట్టీ ఒక కొసను ఒక గీత మీద ఆనించి, రెండో కొస సరిగ్గా పది సందుల అవతలి గీతను తాకేలా ఏటవాలుగా పెట్టండి. ఒకే అంచు వెంట చూస్తూ రెండేసి సందులకు ఒక చుక్క పెడితే ఐదు సమాన భాగాలు. గీతల మధ్య దూరం ఒకటే కాబట్టి పట్టీ ఎంత వాలినా వాటాలు చెడవు. పది సందుల వెడల్పు కన్నా పట్టీ పొడుగ్గా ఉండాలి. పొట్టిదైతే ఐదు సందులతో సరిపెట్టి, సందుకో చుక్క పెట్టించండి.