పొగమంచులో హైబీమ్ వేయొచ్చా?

ప్రశ్న: సంక్రాంతికి పిల్లలతో కారులో విజయవాడ వెళ్తున్నామండీ. ట్రాఫిక్ తప్పించుకుందామని తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలనుకుంటున్నాం, కానీ పొగమంచంటే టెన్షన్‌గా ఉంది. హైబీమ్ (దూరంగా కొట్టే హెడ్‌లైట్) వేసుకుని నెమ్మదిగా వెళ్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఎల్బీనగర్, హైదరాబాద్

జవాబు: హైబీమ్ అస్సలు వద్దండీ. పొగమంచంటే గాలిలో తేలే సన్నటి నీటి బిందువులే కదా, హైబీమ్ వెలుతురు వాటి మీద పడి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది, ఎదురుగా తెల్లటి గోడ కట్టినట్టు ఏమీ కనిపించదు. రోడ్డు మీదకు కిందకు కొట్టే లోబీమ్ వేయండి, ఫాగ్ ల్యాంపులుంటే అవి కూడా. హజార్డ్ లైట్లు (ఇండికేటర్లన్నీ ఒకేసారి వెలిగి ఆరేవి) వేసుకుని నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి మీరు ఆ పని చేయకండి, ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్లకు తెలియదు. అవి బండి ఆగినప్పుడు వేసేవి.

నా భయమంతా 65వ నంబరు హైవే పక్కన లైట్లు లేకుండా ఆపే లారీల గురించే. కనిపించినంత దూరంలోపు బండి ఆపగలగాలి, అంతకు మించిన స్పీడు వద్దు. ముందు కారు ఎర్ర లైట్లు పట్టుకుని దాని వెనకే అతుక్కుని కూడా వెళ్లొద్దు, వాళ్లు బ్రేక్ వేస్తే మీకు టైం ఉండదు.

ముందు అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ వేసి గాలిని అద్దం వైపు తిప్పండి, రీసర్క్యులేషన్ (కారు లోపలి గాలినే మళ్లీ తిప్పే బటన్) ఆపేయండి.

అయినా పిల్లలతో నాలుగింటికి ఎందుకండీ? మంచు చిక్కగా పట్టేది తెల్లవారుజామునే. ఎండెక్కాక, ఎనిమిదింటికి బయల్దేరండి, పంతంగి టోల్ దగ్గర క్యూలో కాసేపు ఆగాల్సి వచ్చినా పర్లేదు.