నాన్నగారు తెచ్చిన వీడియో గేమ్‌కు లక్ష వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారు మస్కట్‌లో పనిచేసేవారు. 1983లో సెలవుకు వచ్చినప్పుడు నాకూ అన్నయ్యకూ చేతిలో పట్టుకుని ఆడే ‘గేమ్ అండ్ వాచ్’ అనే నింటెండో కంపెనీ గేమ్‌లు రెండు తెచ్చారు. ఒకటి పుస్తకంలా మడిచే రెండు స్క్రీన్ల డాంకీ కాంగ్, రెండోది పారాచూట్. ఇన్నేళ్లూ బీరువాలోనే ఉన్నాయి. డాంకీ కాంగ్‌కి అట్టపెట్టె కూడా ఉంది. ఇలాంటిదే ఆన్‌లైన్‌లో లక్ష రూపాయలకు పెట్టారు. ఆగస్టులో మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. ఇప్పుడే అమ్మేయాలా, ఇంకో పదేళ్లు ఆగాలా?
- ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ముందు ఫీజు సంగతి చూద్దాం. ఆ లక్షను నమ్ముకుని లెక్క వేసుకోకండి. ఈ బొమ్మలు లేవనుకునే ఫీజుకు డబ్బు సర్దుకోండి. అమ్ముడై డబ్బు బ్యాంకులో పడ్డాక అది అదనం అవుతుంది.

ఎందుకంటే మీరు చూసింది ఎవరో అడుగుతున్న ధర. అడగడానికేముంది, ఎంతైనా అడుగుతారు. ఆ ధరకు ఎవరైనా కొన్నారా అన్నదే అసలు విషయం. పాత వస్తువులు కూడా అమ్మే ఈబే వెబ్‌సైట్‌లో వెతికేటప్పుడు ‘సోల్డ్ ఐటమ్స్’ అనే ఫిల్టర్ ఉంటుంది. అది పెడితే నిజంగా అమ్ముడైనవే కనిపిస్తాయి. డాంకీ కాంగ్ మోడల్ నంబరు డీకే-52, పారాచూట్‌ది పీఆర్-21. పేరుతో పాటు ఈ నంబర్లు కూడా కొట్టి వెతకండి. ఉత్త పేరుతో వెతికితే ఆ తర్వాత వచ్చిన క్యాసెట్లు, బొమ్మలు అన్నీ కలిసి వచ్చేస్తాయి.

మీ వస్తువు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో ఉన్నవాటితోనే పోల్చాలి. పెట్టె, మాన్యువల్, లోపలి థర్మోకోల్ అన్నీ ఉన్నదానికీ, ఉత్త గేమ్‌కీ ధరలో చాలా తేడా ఉంటుంది. వెనక బ్యాటరీ మూత పోయిందంటే ధర ఇంకా తగ్గుతుంది. మడత దగ్గర ప్లాస్టిక్ చీలిందేమో కూడా చూడండి. రెండు స్క్రీన్ల మోడళ్లలో బలహీనమైన చోటు అదే.

పనిచేస్తోందో లేదో చూడటం తేలికే. ముందు మూత తీసి లోపల బ్యాటరీకి తగిలే రేకులు చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటే పాత బ్యాటరీ కారిందన్నమాట. అలా ఉంటే గరుకు కాగితంతో రుద్దకండి. ఇయర్‌బడ్‌కి కొద్దిగా వెనిగర్ అద్ది మెల్లగా తుడిచి, బాగా ఆరనివ్వండి. తర్వాత ఆ గేమ్‌కు సరిపోయే కొత్త బటన్ సెల్స్ రెండు వేసి, గేమ్‌ను మళ్లీ మొదటికి తెచ్చే ఏసీఎల్ బటన్‌ను (చిన్న గుంటలో ఉంటుంది) మొద్దు పుల్లతో నొక్కండి. స్క్రీన్ మీద రావలసిన బొమ్మలన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. వాటిలో ఏది రాకపోయినా, మసకగా ఉన్నా ఫోటో తీసి ప్రకటనలో పెట్టండి. దాచిపెడితే వస్తువు తిరిగొస్తుంది, పోస్టల్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

ఇక చేతికి వచ్చేది ఎంత? లెక్క కోసం, మీ స్థితిలోనే ఉన్నవి ఐదు అమ్ముడయ్యాయనుకుందాం: 9,000, 10,500, 11,000, 14,000, 38,000. సగటు తీస్తే 16,500 వస్తుంది. ఆ ఒక్క 38,000 మొత్తం లెక్కను పైకి లాగేసింది. నేనైతే మధ్యలో ఉన్న 11,000నే పట్టుకుంటాను. అందులో వెబ్‌సైట్ కమీషన్ 13 శాతం అనుకుంటే 1,430 పోతుంది. ప్యాకింగ్, విదేశీ పార్శిల్‌కు 2,200 వేసుకుంటే మిగిలేది 7,370. ఇవి ఉదాహరణ అంకెలే. మీ అంకెలు వేసి ఇదే పద్ధతిలో చూడండి.

పదేళ్లు ఆగాలా అన్నారు. ఇప్పుడే అమ్మి చేతికొచ్చిన ఆ 7,370ను 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే, చక్రవడ్డీతో పదేళ్లలో సుమారు 14,500 అవుతుంది. అంటే బొమ్మ ధర దాదాపు రెట్టింపైతేనే డిపాజిట్‌తో సమానం. ఈలోగా ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, స్క్రీన్ మీది పొర పాడవుతుంది. పైగా ఇవి అంత అరుదైనవి కావు. 1980లో ‘బాల్’తో మొదలైన ఈ గేమ్ అండ్ వాచ్ వరసలో నింటెండో మొత్తం 4.34 కోట్ల గేమ్‌లు అమ్మింది. డాంకీ కాంగ్‌కు ఒక ప్రత్యేకత మాత్రం ఉంది. 1982లో నింటెండో డిజైనర్ గున్‌పే యొకోయి దీనికోసమే ప్లస్ గుర్తు ఆకారంలో బటన్ రూపొందించారు. ఆ తర్వాతి వీడియో గేమ్‌ల కంట్రోలర్లలో చాలావాటికి అదే దారి చూపింది. సేకరించేవాళ్లు దీన్ని అడిగి మరీ కొనడానికి అదొక కారణం. కానీ అలా అడిగేవాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడు వీటితో ఆడుకున్నవాళ్లే, ఇప్పుడు యాభై దాటినవాళ్లు. పదేళ్ల తర్వాత కూడా ఇంతే గిరాకీ ఉంటుందని లెక్క వేసుకోవడం నాకు నచ్చదు. కాబట్టి డబ్బు కోసమే ఆగుతుంటే ఆగొద్దు. నాన్నగారి గుర్తుగా ఉంచుకోవాలనిపిస్తే నిశ్చింతగా ఉంచుకోండి. అప్పుడు ధర చూడటం మానేయండి.

పన్ను గురించి టెన్షన్ అక్కర్లేదు. ఇంట్లో వాడుకున్న ఇలాంటి వస్తువులు వ్యక్తిగత వస్తువుల కిందకు వస్తాయి కాబట్టి వాటిని అమ్మితే మూలధన లాభాల పన్ను ఉండదు. నగలు, పెయింటింగ్‌లు, శిల్పాల లాంటివాటికి ఈ మినహాయింపు లేదు. ఇది బాగుందని ఊళ్లో పాత గేమ్‌లు కొని అమ్మడం మొదలుపెడితే మాత్రం వ్యాపార ఆదాయంగా చూపించాలి.

ఇక్కడి సైట్లలో అమ్మితే, డబ్బు పంపిస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమనేవాళ్లతో జాగ్రత్త. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

నా సలహా: పారాచూట్‌ను ముందు అమ్మి చూడండి. కమీషన్, పార్శిల్ పోను చేతికి ఎంత వచ్చిందో తెలిశాక డాంకీ కాంగ్ సంగతి తేల్చుకోవచ్చు. అయితే ఏదైనా ప్రకటన పెట్టేముందు అన్నయ్యగారికి ఒక ఫోన్ చేయండి. నాన్నగారు తెచ్చింది మీ ఇద్దరికీ కదా.