పాత సినిమాలు, టీవీ ధారావాహికల్లోని భవిష్యత్ వాహనాలపై ఇప్పటికీ అంత మమకారం ఎందుకు?

ఆ వాహనాల్లో చాలావరకు కంప్యూటర్ చిత్రాలు కావు, నిజంగా రోడ్డెక్కిన లోహపు బండ్లు. మమకారానికి మూలం అదేనని నా అభిప్రాయం. 1966 నాటి బ్యాట్‌మ్యాన్ ధారావాహికలోని కారునే తీసుకుంటే, 1955లో లింకన్ సంస్థ ప్రదర్శన కోసం తయారు చేయించిన ఫ్యూచురా అనే నమూనా కారును కార్లకు కొత్త రూపాలిచ్చే నిపుణుడు జార్జ్ బారిస్ మార్పులు చేసి దానిని రూపొందించారు. అంటే తెర మీద కనిపించిన ఆ రెక్కలు, జంట గాజు గోపురాలు ఒక కార్ల సంస్థ నిజంగానే ఊహించుకున్న రేపటి రూపం నుంచే వచ్చాయి. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' (1985)లో కాలయంత్రంగా మారిన డెలోరియన్ కథ మరింత హృద్యమైనది: పైకి తెరుచుకునే తలుపులు, రంగు వేయని స్టెయిన్‌లెస్ స్టీల్ ఒళ్లు ఆ కారుకు ముందునుంచే ఉన్నాయి, తయారీ సంస్థ మాత్రం సినిమా రాకముందే 1982లో దివాలా తీసింది.

'నైట్ రైడర్' (1982) ధారావాహికలోని కారు కిట్‌ది వేరే ఆకర్షణ. అది మాట్లాడేది, హాస్యమాడేది, యజమాని క్షేమం పట్టించుకునేది. నేటి కార్లు మాట విని దారి చెబుతున్నా, ఆ స్నేహాన్ని మాత్రం ఇవ్వలేకపోతున్నాయి.