60 రోజుల గడువు, 42,000 డాలర్ల హోండా

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద, మా ఆవిడ నా మీద ఆధారపడ్డ హెచ్‌4 వీసా మీద ఉన్నాం, తనకు ఉద్యోగం లేదు. పాపకు ఐదేళ్లు. 38,000 మైళ్లు తిరిగిన 2008 హోండా ఎస్2000 ఒకటి 42,000 డాలర్లకు వస్తోంది. బ్యాంకులో ఉన్న 16,000లో 12,000 తీసి, మిగతా 30,000 నా 401కే (కంపెనీ ద్వారా జీతంలోంచి దాచే రిటైర్మెంట్ ఖాతా) నుంచి లోను పెడదామనుకుంటున్నాను. 401కేలో 92,000 ఉన్నాయి. నెల ఖర్చు 5,800. వేలంలో ఇదే కారు రెండు లక్షల డాలర్లు పలికింది. ఐదేళ్లు ఉంచితే నాదానికి 60,000 అయినా రాదా? 500 అడ్వాన్సు కూడా ఇచ్చేశాను.

జవాబు: ముందు వేలం సంగతి తేల్చేద్దాం. 2022లో రెండు లక్షలు పలికింది ఎస్2000 సీఆర్. అమెరికాకు ఆ రకం 700 దాకా మాత్రమే వచ్చాయి. పైగా ఆ కారు రోడ్డెక్కిందే తక్కువ. మీరు చూసింది మామూలు ఎస్2000. 1999 నుంచి 2009 దాకా అవి లక్షకు పైగా తయారయ్యాయి, సగానికి పైగా అమెరికాలోనే అమ్ముడుపోయాయి. హైవే పక్క ప్లాటు గజం ఎంత పలికిందో విని, ఊరి వెనక చేనుకు ధర కట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మొన్నటిదాకా ఇలాంటి ఉత్తరాలు ప్లాట్ల మీద వచ్చేవి, ఇప్పుడు కార్ల మీద వస్తున్నాయి. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందుకే.

కారు మంచిదే, కాదనను. మొదటి మోడల్ ఇంజన్ టర్బో లేకుండానే 9,000 ఆర్‌పీఎం దాకా వెళ్లేది. మీ 2008ది 2.2 లీటర్లు, 8,000 దగ్గర ఆగుతుంది. ఆ గేరు వేస్తే వచ్చే ‘టక్’ శబ్దానికే మనసు పారేసుకున్నవాళ్లు నాకు తెలుసు. కానీ ధర నిలబెట్టేది ఆ శబ్దం కాదు. బానెట్, డోర్లు, ఫెండర్లు, డిక్కీ మూత, ఒక్కోదాని లోపలి అంచున కారు ఛాసిస్ నంబరున్న చిన్న స్టిక్కర్ అంటించి ఉంటుంది. తెలిసినవాడు టార్చిలైటు పట్టుకుని ముందు అవే వెతుకుతాడు. ఒక్కటి లేకపోయినా ఆ భాగం మార్చారేమో, ఎక్కడో గుద్దారేమో అని అనుమానం మొదలవుతుంది. ఎగ్జాస్ట్ మార్చినా, బండి కిందికి దించినా, పాత ఒరిజినల్ సామాను పెట్టెలో దాచి ఉందా అని అడుగుతాడు. వీటిలో ఒక్కటైనా మీరు చూసినట్టు ఉత్తరంలో లేదు. అడ్వాన్సు మాత్రం ఇచ్చేశారు!

సరే, మీరన్నట్టే 60,000 వచ్చిందనుకుందాం. లాభం 18,000. టెక్సాస్‌లో కొన్నప్పుడే 6.25 శాతం పన్ను, అంటే 2,625. ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసు, బండి పెట్టే చోటు కలిపి ఏడాదికి 2,500 వేసుకున్నా ఐదేళ్లకు 12,500. మిగిలేది 2,875. లాభం మీద పన్ను ఇంకా తీయలేదు. నష్టానికి అమ్మితేనో? సొంత వాడకానికి కొన్న కారు మీద నష్టాన్ని పన్నులో చూపించుకోనివ్వరు. పోనీ నడపకుండా దాచుకుంటే బండి కొన్నదెందుకు? నడిపితే మైళ్లు పెరుగుతాయి. ఇంకో మాట, మీరు ముగ్గురు, సీట్లు రెండు.

ఇవన్నీ పక్కన పెట్టండి. నాకు టెన్షన్ పుట్టించింది ఒక్క అంకె: కారు కొన్నాక బ్యాంకులో మిగిలేది 4,000. అది మీ ఇంటికి మూడు వారాలకు కూడా రాదు.

హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం, దాని గడువు ముందే ముగిస్తే ఆ రోజులు కూడా ఉండవు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా ఇంకో స్టేటస్‌కు దరఖాస్తు పెట్టాలి, లేదా సర్దుకుని బయల్దేరాలి. అద్దె ఆగదు. కోబ్రా కింద పాత ఆరోగ్య బీమానే కొనసాగించాలంటే కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, కుటుంబానికి నెలకు 2,000 అవడం మామూలే. ఇంటి లీజు మధ్యలో వదిలేస్తే జరిమానా, హైదరాబాద్‌కు మూడు టికెట్లు. అప్పుడు డిసెంబరు చలిలో టాపు తీసే రెండు సీట్ల కారును 20 రోజుల్లో అమ్మి చూడండి. మీ తొందర కొనేవాడికి మొదటి ఫోన్‌లోనే తెలిసిపోతుంది.

ఒక్క జీతం మీద బతికే ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. మీ లెక్కన 34,800. వీసా మీద ఉన్నారు కాబట్టి నేనైతే 40,000 అంటాను. ఇప్పుడున్న 16,000 మూడు నెలలకు కూడా చాలదు. అందులోంచి కారుకు 12,000 తీయడమా?

ఇక ఆ లోను. ‘నా డబ్బే కదా, వడ్డీ కూడా నాకే కదా’ అని మీరు అనబోతున్నారని తెలుసు. ఈ మాట విని విని చెవులు దిబ్బళ్లు పడ్డాయి. 8.5 శాతం చొప్పున ఐదేళ్లకు నెలకు 615 జీతంలోంచి పోతుంది. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం పోయిందనుకోండి, ఇంకా 25,000 బాకీ. చాలా ప్లాన్లలో ఉద్యోగంతో పాటే కంతులు కట్టే దారి మూసుకుపోతుంది. ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా ఆ మొత్తం సొంతంగా తెచ్చి ఐఆర్‌ఏలో (మీ పేరు మీద విడిగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) వేయకపోతే, అది మీ ఆదాయం కింద లెక్క. 22 శాతం శ్లాబులో ఉంటే 5,500, ముందుగా తీసినందుకు జరిమానా ఇంకో 2,500. జీతం లేని ఏడాదిలో ఈ 8,000 ఎక్కడి నుంచి తెస్తారు? కారు కోసం రిటైర్మెంట్ డబ్బు మీద అప్పు చేస్తానని నా ముందు ఎవరైనా కూర్చుంటే, ఆ ఫైలు అక్కడే మూసేస్తాను.

ఇండియాకు వెళ్లిపోతే కారు పట్టుకెళ్తానని అనుకోకండి. మూడేళ్లు దాటిన ఎడమ స్టీరింగ్ కారును మామూలుగా అక్కడికి రానివ్వరు. డబ్బు పెరగడమే కావాలంటే మీ 401కేలోని ఇండెక్స్ ఫండ్ చాలు. ఏనాటికైనా ఈ కారు కొంటే, మామూలు పాలసీ కాకుండా విలువ ముందే ఒప్పుకుని రాసిచ్చే క్లాసిక్ కారు పాలసీ తీసుకోండి. అంతకంటే ముందు టర్మ్ పాలసీ. కంపెనీ ఇచ్చే జీవిత బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది.

ఈ నెల నుంచి, ఆ లోనుకు కట్టాలనుకున్న 615ను వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపండి. బోనస్ వస్తే అదీ అందులోకే. 40,000 నిండాక మళ్లీ రాయండి, అప్పుడు స్టిక్కర్లు ఎలా చూడాలో మాట్లాడుకుందాం. అమ్మేవాడికి మాత్రం ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి. 500 తిరిగి ఇవ్వనంటే పోనివ్వండి.