ఇంగ్లిష్‌లో తడబడేవారు పైలట్ వృత్తికి పనికిరారా?

ప్రశ్న: నేను మ్యాథ్స్, ఫిజిక్స్ ప్రధానంగా చదువుతున్నాను. పైలట్ గానీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ గానీ కావాలని నా కోరిక. మాతృభాషలో చదువుకోవడం వల్ల ఇంగ్లిష్ అర్థమవుతుంది కానీ మాట్లాడేటప్పుడు తడబడతాను, యాస కూడా ఉంది. రేడియోలో ఒకరి మాట మరొకరికి సరిగా అందక విమానాలు కూలిపోయాయని చదివాక భయం పట్టుకుంది. ఈ ఆలోచన మానుకోవడం మంచిదా?

జవాబు: మానుకోవలసిన అవసరం లేదు. అయితే మీ భయం యాస చుట్టూ తిరుగుతోంది కానీ, ఈ వృత్తిలో అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. మాట స్పష్టంగా వినపడినప్పటికీ దానికి మనకు తోచిన అర్థం ఇచ్చుకుని, అనుమానం వచ్చినా మళ్లీ అడగకుండా ముందుకు సాగిపోవడమే అది.

1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్‌లో దిగడానికి వస్తున్న ఫ్లయింగ్ టైగర్ సంస్థ బోయింగ్ 747 సరుకు రవాణా విమానానికి జరిగింది చూడండి. 2,400 అడుగులకు దిగమని చెప్పడానికి కంట్రోలర్ ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’ అన్నారు. మొదటి ‘టూ’ను పైలట్ అంకెగా కాకుండా ‘వరకు’ అనే అర్థంలో తీసుకుని, ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అని బదులిచ్చారు. అంటే 400 అడుగులు. ఆ బదులులోని తేడాను కంట్రోలర్ పట్టుకోలేదు, కాక్‌పిట్‌లో నేల దగ్గరపడుతోందని మోగిన హెచ్చరికలను సిబ్బంది పట్టించుకోలేదు. విమానం కొండను ఢీకొని అందులోని నలుగురూ చనిపోయారు. ఎత్తును ‘టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్ ఫీట్’ అని నిర్దేశిత రీతిలో చెప్పి ఉంటే ఈ సందిగ్ధతకు తావే ఉండేది కాదు. ఇందులో ఎవరి యాసదీ తప్పు లేదని గమనించండి.

ఇలాంటివి జరగకుండా ఉండడానికే రీడ్‌బ్యాక్ అనే పద్ధతి ఉంది. రన్‌వే మీదికి రావడానికి, దాన్ని దాటడానికి, టేకాఫ్‌కు, దిగడానికి ఇచ్చే అనుమతులను, ఎత్తు, దిశ, వేగం వంటి సూచనలను పైలట్ తిరిగి చదవాలి, కంట్రోలర్ దాన్ని శ్రద్ధగా విని తప్పుంటే వెంటనే సరిదిద్దాలి. చాలామంది విద్యార్థులు మొదటి సగాన్నే నేర్చుకుంటారు. అసలు కష్టం రెండో సగంలో ఉంది, ఎందుకంటే మనం ఇచ్చిన సూచనే తిరిగి వస్తుందన్న నమ్మకంతో వినేటప్పుడు, తప్పు అంకె కూడా చెవికి ఒప్పుగానే వినిపిస్తుంది. పైగా ఒక ఫ్రీక్వెన్సీలో ఒకసారి ఒకరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే వినేవారికి చాలాసార్లు కీచుమనే శబ్దమే మిగులుతుంది.

583 మందిని బలిగొన్న 1977 మార్చి 27 నాటి టెనెరిఫ్ (స్పెయిన్‌కు చెందిన దీవి) విమాన ప్రమాదంలో అదే జరిగింది. పొగమంచులో పాన్ యామ్ సంస్థ విమానం ఇంకా రన్‌వే మీదే ఉండగా, కేఎల్ఎం సంస్థ విమానం టేకాఫ్ మొదలుపెట్టి దాన్ని ఢీకొంది. అంతకుముందు ‘ఆగండి, నేను పిలుస్తాను’ అన్న కంట్రోలర్ మాట, ‘మేమింకా రన్‌వే మీదే ఉన్నాం’ అన్న పాన్ యామ్ సిబ్బంది మాట ఒకేసారి వెలువడి, కేఎల్ఎం కాక్‌పిట్‌కు సరిగా చేరలేదు. అయినా ఆ కాక్‌పిట్‌లోని ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చింది. ‘అతను రన్‌వే ఖాళీ చేయలేదా?’ అని అడిగారు కూడా. కెప్టెన్ గట్టిగా చెప్పిన సమాధానంతో ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది. నా దృష్టిలో ఈ వృత్తికి సిద్ధమయ్యే ప్రతి ఒక్కరూ చదవవలసిన సంభాషణ ఇది. పెద్దవారి మాటను రెండోసారి ప్రశ్నించడానికి మొహమాటపడే స్వభావం మీలో ఉంటే, దిద్దుకోవలసింది యాస కంటే ముందు దాన్నే.

భాష అసలు అవసరమే లేదని నేను అనడం లేదు. 1990 జనవరి 25న న్యూయార్క్‌కు వస్తూ ఇంధనం అయిపోయి కూలిన ఏవియాంకా విమానంలో 73 మంది మరణించారు. ఇంధనం తక్కువగా ఉందని సిబ్బంది చెప్పారు, ప్రాధాన్యం కావాలని అడిగారు, అత్యవసర పరిస్థితిని మాత్రం ప్రకటించలేదు. ప్రమాద తీవ్రత కంట్రోలర్లకు అర్థమయ్యే మాటల్లో అందలేదు. మామూలు రోజుల్లో కట్టుదిట్టమైన పదజాలంతో పని నడుస్తుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడే సాధారణ ఇంగ్లిష్‌లో స్పష్టంగా వివరించగలగాలి.

అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆరు స్థాయిల భాషా ప్రమాణాన్ని పెట్టింది. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదజాలం, ధారాళత, అవగాహన, ప్రతిస్పందన అనే ఆరు అంశాల్లోనూ కనీసం నాలుగో స్థాయి రావాలి. వాటిలో అతి తక్కువగా వచ్చినదే మీ తుది స్థాయి అవుతుంది. మాతృభాష ప్రభావం ఉచ్చారణలో కనిపించినా, అది అర్థం చేసుకోవడానికి అప్పుడప్పుడు మాత్రమే అడ్డొస్తే నాలుగో స్థాయికి సరిపోతుంది. మీ యాస గురించిన దిగులుకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

ఇప్పటి నుంచే చేయగలిగినది ఒకటి చెబుతాను. ఒక స్నేహితుణ్ని ఎత్తు, దిశ, రన్‌వే సంఖ్య కలిపి గబగబా చదవమని, మీరు రాసుకుని తిరిగి చెప్పండి. తర్వాత పాత్రలు మార్చుకుని, అతను మధ్యమధ్యలో కావాలనే ఒక అంకె మార్చి తిరిగి చదవాలి, మీరు పట్టుకోవాలి. మొదటి పనిలో బాగుండి రెండోదానిలో తడబడేవారు చాలామందే ఉంటారు. చిలకపలుకులా అప్పజెప్పడం మాత్రం అలవాటు చేసుకోకండి. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో కోస్ట్ గార్డ్ విమానం రన్‌వే బయట ఆగే చోటి వరకు రమ్మన్న సూచనను సరిగానే తిరిగి చదివింది, అయినా రన్‌వే మీదికి వెళ్లి ఆగింది. అప్పుడే దిగుతున్న ప్రయాణికుల విమానం దాన్ని ఢీకొంది. కోస్ట్ గార్డ్ విమానంలోని ఐదుగురు చనిపోయారు.

ఇక రెండింటిలో ఏది ఎంచుకోవాలన్నది. పైలట్ శిక్షణకు ఖర్చు ఎక్కువ, వైద్య ప్రమాణాలు కూడా కఠినం కాబట్టి కంటిచూపు, వినికిడి పరీక్షలు ఫీజు కట్టకముందే చేయించుకోండి. అనేక విమానాల స్థానాలను మనసులో ఉంచుకుంటూ ప్రతి బదులునూ అనుమానంతో వినగల ఓర్పు మీకుంటే కంట్రోలర్ ఉద్యోగం బాగా నప్పుతుంది. పైన చెప్పిన అభ్యాసాన్ని కొన్ని వారాలు చేశాక, రెండు పాత్రల్లో మీకు ఏది హాయిగా అనిపించిందో రాసి పంపండి. దాన్నిబట్టి ప్రవేశ పరీక్షల గురించి వివరంగా చెప్పగలను.